మళ్ళీ పోసిన గంట

జూన్ 9

పిడుగుకి,

పిన్ని దీవెనలు. ఈ ఉత్తరం నీకు అందేలోపే మా బడి గంట నీ కార్ఖానా గుమ్మంలో దిగిపోయి ఉంటుంది. లారీ డ్రైవరుకి జాగ్రత్తలు చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది. "ఇదేమన్నా పెళ్లికూతురా అమ్మా" అని విసుక్కున్నాడు. పెళ్లికూతురైతే కాళ్లుంటాయి, దిగి నడిచి వస్తుంది, ఇది దొర్లిపోతుంది నాయనా అన్నాను.

సంగతి నీకు మీ అమ్మ చెప్పే ఉంటుంది. వేసవి సెలవలకి ముందు గంటకి పగులొచ్చింది. కొడితే అడుగు మాడిన గిన్నెని గరిటెతో కొట్టినట్టు ఉంటోంది. దాన్ని మూలన పడేసి కరెంటు గంట పెట్టిద్దామని కమిటీ వాళ్లు తీర్మానం చెయ్యబోయారు. అదే, మీట నొక్కితే గీ మని కీచురాయిలా అరిచేది. నేను అడ్డం పడ్డాను. నాకు హార్మోనియం లేదు, తంబూరా లేదు. పాటల టీచరుగా ఈ బడికొచ్చిన రోజు నుంచీ నా శ్రుతి ఈ గంటే. పొద్దున్న తాడు లాగుతారు. పిల్లలు నోళ్లు మూసుకుని ఆ మోత సన్నబడేదాకా వింటారు. అది ఆరిపోయే ముందు అందుకుని పాట మొదలుపెడతారు. నువ్వూ అలాగే పాడావు, రోజూ ఆలస్యంగా వచ్చి చివరి వరసలో నిలబడి.

కాబట్టి మాటిచ్చేశాను. "మా అక్క కూతురు పోత కార్ఖానాలో అచ్చులు పోస్తుంది. ఇదే కంచు కరిగించి మళ్ళీ పోస్తుంది. అదే లోహం, అదే గంట" అన్నాను. లెక్కల మాస్టారు ఊరుకుంటాడా. "కరిగించాక అది అదే గంట ఎలా అవుతుంది మేడమ్" అన్నాడు. మా అక్క కూతురు ఒకప్పుడు ఇంతుండేది, ఇప్పుడు ఇంతైంది, అంతమాత్రాన వేరే మనిషైపోయిందా అన్నాను. "ఆ అమ్మాయిని ఎవరూ కరిగించలేదు కదండీ" అన్నాడు. స్టాఫ్‌రూమంతా నవ్వింది. నువ్వే చెప్పు ఏదైనా, వాడి మొహాన పడేస్తాను.

మీ పిన్ని


జూన్ 17

పిన్నీ,

గంట క్షేమంగా చేరింది. దింపేటప్పుడు నేను దగ్గరుండి నలుగురినీ హడలగొట్టాను. ఇన్నాళ్లూ ఈ కార్ఖానాలో నా గొంతు ఎవరికీ తెలీదు, ఇప్పుడు బాగా తెలిసింది. పొద్దున్నుంచీ నీ గంట కథే చెబుతున్నాను. కొలిమి దగ్గరివాళ్లు నేను కనిపిస్తే పక్కకి తప్పుకుంటున్నారు.

అచ్చు తీసి పెట్టుకున్నాను. పాత గంటనే ఇసుకలో పెట్టి దాని ముద్ర తీశాను. కాబట్టి కొత్తదాని మీద కూడా అవే అక్షరాలు వస్తాయి. బడి పేరు, గంటని మొదట కట్టిన సంవత్సరం, కింద "పిలుపు విని రండి". ఆ మూడోమాట మీద నాకు చిన్నప్పటి నుంచీ కోపమే. నేను వినే వచ్చేదాన్ని, ఆలస్యంగా వచ్చేదాన్ని, అంతే.

మీ లెక్కల మాస్టారి ప్రశ్న మా మేస్త్రిని అడిగాను. ఆయన బీడీ తీసి, "గంటంటే లోహం కాదమ్మా, ఆకారం. అంచు మందం ఎంత, నోరు ఎంత వెడల్పు, అదే గంట. లోహానిదేముంది, అది దేనికైనా వస్తుంది" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఆకారమే అయితే మట్టితో చేసినా మోగాలిగా అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి పనిలో పడ్డాడు. నాకు మాత్రం లోహమే ప్రాణం, ఆకారం ఒంటిమీద చొక్కా అనిపిస్తోంది. మీ మాస్టారికి ఈ మాట చెప్పు.

రేపు దాన్ని పగలగొట్టాలి. లోహం కరిగించే మూసలో పట్టాలంటే ముక్కలు చెయ్యక తప్పదు. వేరేవాళ్ల చేతికి సుత్తి ఇవ్వను, నేనే కొడతాను. మా దగ్గర ఒక పద్ధతుంది. ఎవరిదైనా ప్రత్యేకమైన లోహం తొట్టిలో ఉంటే ఆ తొట్టి చుట్టూ నేల మీద సుద్దతో గీత గీస్తారు, అంటే ముట్టుకోవద్దని. మేస్త్రి సుద్దముక్క ఇవ్వబోతే నవ్వాను. ఈ కార్ఖానాలో ఇది మా పిన్ని గంట అని తెలియనివాళ్లు ఇంకా ఉన్నారా అన్నాను.

అమ్మ మోకాళ్లు అలాగే ఉన్నాయి. నిన్ను ఒకసారి వచ్చి వెళ్లమంటోంది.

నీ పిడుగు


జూన్ 20

పిన్నీ,

ఒక మాట అడుగుతాను, నవ్వకు. ఊరికే అడుగుతున్నాను.

కరిగించేటప్పుడు కొంత లోహం పోతుంది. తెట్టుగా పైకి తేలి కొంత, మూసకి అంటుకుని కొంత. కొత్త రాగి, కొత్త తగరం కలపక తప్పదు. కొంచెం కలిపితే ఎవరూ ఏమీ అనరు. సగం కలిపితే? సగం కన్నా ఎక్కువైతే? ఎక్కడిదాకా అది మన గంట, ఎక్కడి నుంచి కాదు? అదే పాళ్లలో, అదే అచ్చులో, పూర్తిగా కొత్త లోహంతో పోస్తే దాన్ని నువ్వు ఏమంటావు?

పనిలో ఉన్నప్పుడు ఇలాంటివి బుర్రలో తిరుగుతూ ఉంటాయి. నీకు తోచింది రాయి. త్వరగా రాయి.

నీ పిడుగు


జూన్ 26

పిడుగుకి,

నీకు ఆ మేస్త్రి తత్త్వం బాగానే ఎక్కినట్టుంది. పని మానేసి ఇద్దరూ కూర్చుని ఇదే మాట్లాడుకుంటున్నారా?

సరే, అడిగావు కాబట్టి చెబుతున్నాను. కొంచెం కలిపితే కలుపు, దానికి నేనేమీ అనను. మనం రోజూ తింటున్నాం, తాగుతున్నాం, ఒంట్లో అన్నీ మారుతూనే ఉంటాయి. కానీ పూర్తిగా కొత్త లోహమైతే అది మన గంట కాదు, మన గంట బొమ్మ. అచ్చం నాలాగే ఉండే ఇంకొకావిడని తెచ్చి నా కుర్చీలో కూర్చోబెడితే ఆవిడ మీ పిన్ని అవుతుందా? బొమ్మని నేను ఆ దూలానికి కట్టనివ్వను. కరెంటు గంటే నయం, కనీసం అది తను వేరే ఎవరో అని చెప్పుకోదు.

ఈ ముక్క లెక్కల మాస్టారికి కూడా చెప్పాను. "మీ అక్క కూతురు మాట మీద నిలబడుతుందని నమ్మకమేనా" అని మాత్రం అన్నాడు. అది చిన్నప్పుడు అద్దం పగలగొట్టి, నేను అడగకముందే వచ్చి చెప్పిన పిల్ల, దాని సంగతి మీకేం తెలుసు అన్నాను. నిజమే కదా. ఆ రోజు నీ చేతిలో ఇంకా గాజుముక్క ఉంది.

బడి తెరిచారు. గంటేదని పిల్లలు అడిగితే వేడినీళ్ల స్నానానికి వెళ్లిందని చెప్పాను. ఇప్పుడు రోజూ అదే ప్రశ్న, ఇంకా ఒళ్లు తుడుచుకోలేదా అని.

మీ పిన్ని


జూలై 8

పిన్నికి,

గంట తయారైంది. ఈ రోజు లారీకి ఎక్కించాం. గంట లోపలి నాలుక కూడా కొత్తది బిగించాం. కట్టేటప్పుడు కొక్కెం నోరు పైకి ఉండేలా చూడమని చెప్పు.

లోహం సరిపోయింది.

పని ఎక్కువగా ఉంది. మళ్ళీ రాస్తాను.

నీ పిడుగు


జూలై 19

పిడుగుకి,

ఎంత పని ఉంటే మాత్రం అంత పొడి ఉత్తరమా? కాయితం ఖరీదు పెరిగిందేమో అనుకున్నాను.

గంట వచ్చింది. మెరిసిపోతోంది. గోనెపట్టా విప్పగానే పెద్దటీచరుగారు కూడా అక్షరాలు తడిమి చూసింది. సోమవారం దూలానికి కట్టారు. పిల్లలందరికీ పిప్పరమెంటు బిళ్లలు పంచాం. మొదటిసారి తాడు లాగడానికి నన్నే రమ్మన్నారు. నాకు కళ్లనీళ్లు వచ్చాయి, దాచుకోలేదు.

ఆ తర్వాత జరిగింది రాయడానికే సిగ్గుగా ఉంది. లాగాను. మోగింది. మంచి గొంతే. ఎప్పటిలాగే చివరిదాకా విని పాట అందుకున్నాను. పిల్లలు ఒక శ్రుతిలో ఉన్నారు, నేను ఇంకో శ్రుతిలో ఉన్నాను. ఇన్నేళ్లలో ఎప్పుడూ జరగలేదు. మొదట వాళ్లే తప్పనుకున్నాను, చెయ్యెత్తి ఆపించాను. మళ్ళీ లాగించాను. మళ్ళీ అంతే. కొత్తగా చేరిన చిన్న టీచరు నా పక్కకొచ్చి, "పిల్లలు గంటతోనే ఉన్నారు మేడమ్, మీరే కాస్త కిందకి పాడుతున్నారు" అని చెవిలో అంది. నెమ్మదిగానే అంది పాపం. కానీ మొదటి వరస పిల్లలు విన్నారు.

నాకు తల కొట్టేసినట్టయింది. అప్పటికప్పుడు నోరుజారి, "ఇది మన గంట కాదు" అన్నాను. అందరూ నా మొహం చూశారు. లెక్కల మాస్టారు, "మీరే కదా మేడమ్ అదే లోహం, అదే గంట అన్నారు" అన్నాడు. నిజమే కదా. నువ్వే రాశావు, లోహం సరిపోయిందని. గంట అదే. అంటే తేడా వచ్చింది నాలోనే.

ఇంటికొచ్చి గొంతు సవరించుకుని పాడుకున్నాను. నా చెవిలో పాత మోత అలాగే ఉంది. అది నిజంగా ఉందో, ఉందని నేను అనుకుంటున్నానో తెలియడం లేదు.

మీ పిన్ని


జూలై 25

పిన్నీ,

నువ్వు అంత బాధపడకు. కొత్తగా పోసిన గంట కొన్నాళ్లు బిగువుగా ఉంటుంది. మోగగా మోగగా సర్దుకుంటుంది. పైగా ఇప్పుడు వానలు, గాలిలో తడి ఉంటే మోత వేరేగా వినిపిస్తుంది.

అయినా ఎందుకైనా మంచిది, ఒకసారి చెవుల డాక్టరుకి చూపించుకో. ఈ వయసులో అందరూ చూపించుకుంటారు. అందులో తప్పేం లేదు.

నీ పిడుగు


ఆగస్టు 14

పిడుగుకి,

నువ్వు చెప్పినట్టే డాక్టరు దగ్గరికి వెళ్లాను. గాజు తలుపున్న చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకి డిప్పలు తగిలించి, చేతిలో ఒక బొత్తాం పెట్టారు. శబ్దం వినిపించగానే నొక్కాలట. పరీక్షలో మార్కుల కోసం ఎదురుచూసే పిల్లలా నొక్కీ నొక్కీ బొటనవేలు తిమ్మిరెక్కింది. వినిపించనివి కూడా కొన్ని నొక్కాను అనుకుంటా. ఆయన కాయితం చూసి, "వయసుకి తగ్గట్టే ఉన్నాయండి" అన్నాడు. వయసుకి తగ్గట్టు అంటే ఉన్నట్టా పోయినట్టా అని అడిగితే నవ్వాడు.

గంట సర్దుకుంటుందన్నావు. పిల్లలకి సర్దుకుంది. చిన్న టీచరుకి సర్దుకుంది. నాకే సర్దుకోలేదు. ఇప్పుడు నేను పాడడం మానేసి పెదాలు కదుపుతున్నాను. పిల్లలకి తెలిసిపోయింది. వాళ్లకి తెలిసినట్టు నాకు తెలియకుండా ఉండాలని వాళ్లు పడే పాట్లు చూస్తే భూమిలోకి కుంగిపోవాలనిపిస్తుంది.

నిన్న పెద్దటీచరుగారు పిలిచి కుర్చీ వేయించింది. అప్పుడే తెలిసిపోయింది. వచ్చే నెల ఒకటో తారీకు నుంచి పాటల క్లాసు చిన్న టీచరుకి ఇస్తారట. నన్ను లైబ్రరీ చూసుకోమన్నారు. "మీకూ విశ్రాంతిగా ఉంటుంది" అంది. మంచి మనసుతోనే అంది. నేను సరేనన్నాను. బయటికొచ్చి నీళ్ల కుండీ దగ్గర నిలబడిపోయాను.

ఆ రోజు గంట గురించి ఎన్ని కబుర్లు చెప్పాను. ఏది మారినా పర్వాలేదు, ప్రాణం లోహంలో ఉంది అని. మరి పాటల టీచరుకి ప్రాణం ఎక్కడుంటుంది? చెవిలో. అది పోయాక మిగిలింది ఎవరు? అదే నడక, అదే కళ్లజోడు, హాజరు పట్టీలో అదే పేరు. నేనే నా బొమ్మనైపోయాను అనిపిస్తోంది.

మీ అమ్మకి ఇదేమీ చెప్పకు. దానికి మోకాళ్లు చాలు.

పిన్ని


ఆగస్టు 20

పిన్నీ,

నీ ఉత్తరం కార్ఖానా గేటు దగ్గర నిలబడే చదివాను. లోపలికి వెళ్లలేకపోయాను.

నీ చెవి బాగుంది. నీ చెవికి ఏమీ కాలేదు. అది మన గంట కాదు.

ఈ మాట ముందు రాసెయ్యాలని పైన రాశాను. ఇప్పుడు జరిగింది రాస్తాను. నువ్వు చదవకపోయినా పర్వాలేదు, ఆ పైన ఉన్న ముక్క చదివితే చాలు.

జూన్ 18న గంటని నేనే పగలగొట్టాను. ముక్కలు తొట్టిలో వేశాను. సుద్దగీత గియ్యలేదు. అందరికీ తెలుసని నా గర్వం. టీ తాగడానికి ఆఫీసుగదిలోకి వెళ్లి గుమస్తాకి మళ్ళీ నీ గంట కథ మొదలుపెట్టాను. పిల్లలు మోత చివరిదాకా విని పాట అందుకుంటారని, అలాంటి బడి ఇంకెక్కడా లేదని కోతలు కోస్తూ కూర్చున్నాను. ఆ సమయంలోనే మధ్యాహ్నం షిఫ్టువాళ్లు వచ్చారు. వాళ్లకి నా కథ తెలీదు, నేను ఎప్పుడూ పొద్దున్నవాళ్లకే చెప్పాను. గీత లేని తొట్టి కనిపించింది. కంచు ముక్కలు, మంచి లోహం. కొళాయిల కోసం పెద్ద మూస కాగుతోంది. అందులో వేసేశారు. నేను తిరిగొచ్చేసరికి తొట్టి ఖాళీ. మూసలోకి చూశాను. కరిగిన లోహంలో ఏది ఎవరిదో ఏం తెలుస్తుంది.

మేస్త్రి కూడా వచ్చి మూసలోకి చూశాడు. తర్వాత, "అవే పాళ్లు కలిపి పోద్దాం. రాగి రాగే, తగరం తగరమే. ఎవరు కనిపెడతారు" అన్నాడు. ఆయన్ని తప్పు పట్టను. ఆయన మొదటి నుంచీ ఆకారమే గంట అంటున్నవాడు. ఆయన నమ్మిందే చెప్పాడు. లోహమే ప్రాణం అన్నది నేను. నేను నమ్మింది వదిలేసి, నాకు పనికొచ్చింది పట్టుకున్నాను. ఆ తర్వాత రెండు రోజులకి నీకు ఊరికే అడుగుతున్నానంటూ ఒక ఉత్తరం రాశాను, గుర్తుందా? నువ్వు ఎలాగైనా పర్వాలేదంటావని ఆశపడ్డాను. నువ్వు బొమ్మ అన్నావు. ఆపైన అద్దం సంగతి రాశావు. ఆ ఉత్తరం చదివాక నిజం రాద్దామని కూర్చున్నాను. అద్దం పగలగొట్టిన పిల్ల కూడా ఇక లేదని నీకు తెలిసిపోతుందని భయమేసింది. అందుకే లోహం సరిపోయిందని రాశాను. అది అబద్ధం కూడా కాదు చూడు, కొత్త లోహం సరిపోయింది. ఆ తెలివికి నా మీద నాకే అసహ్యమేస్తోంది.

కానీ అది చిన్న తప్పు. రెండోది పెద్దది. ఇది మన గంట కాదని నువ్వు విన్నావు, అందరి ముందూ అన్నావు. ఆ మాట నిజమని నీకు చెప్పగలిగేదాన్ని లోకంలో నేనొక్కదాన్నే. నేను ఏం రాశాను? చెవులు చూపించుకోమన్నాను. నిన్ను ఆ గాజుగదిలో కూర్చోబెట్టింది నేను. గంటని పొరపాటున పోగొట్టాను. నిన్ను మాత్రం తెలిసి తెలిసి పోగొట్టాను.

ఇంకొకటి కూడా చెప్పాలి, లేకపోతే ఇదీ సగం నిజమే అవుతుంది. పాత గంట ముద్ర తీసిన అచ్చులో పోస్తే లోహం చల్లారేటప్పుడు కాస్త ముడుచుకుంటుంది. కొత్తది పాతదానికన్నా ఒక పిసరు చిన్నదవుతుంది, గొంతు కాస్త పైకి పోతుంది. కాబట్టి నువ్వు విన్న తేడా లోహానిదో, ఆ ముడుచుకోవడానిదో నాకు తెలీదు. అదే లోహంతో పోసినా నీకు వేరేగానే వినిపించేదేమో. ఇన్నాళ్లూ నేను ఆ "ఏమో" చాటున దాక్కున్నాను.

ఆ కొళాయిల్లో చాలావరకు అమ్ముడుపోయాయి. ఒకటి గోదాంలో దొరికితే తెచ్చి బల్ల మీద పెట్టుకుని చెంచాతో కొట్టాను. టప్ మంది. నీ గంట అందులో ఉంది పిన్నీ, ఎంతో కొంత తప్పకుండా ఉంది. అయినా అది కొళాయే. తిప్పితే తిరుగుతుంది. దానికి ఏదీ గుర్తులేదు.

పెద్దటీచరుగారికి వేరే ఉత్తరం రాశాను. దీనితోపాటే పెడుతున్నాను. ఇవ్వాలో వద్దో నీ ఇష్టం. ఇవ్వు. పాటల క్లాసు నీది.

ఆ పేరుతో సంతకం పెట్టడానికి మొహం చెల్లడం లేదు.

నీ అక్క కూతురు


సెప్టెంబరు 3

పిడుగుకి,

అవును, అదే పేరుతో పిలుస్తున్నాను. వేరే పేరు వెతకడానికి నాకు ఓపిక లేదు.

నీ ఉత్తరం ఆగస్టు 24న అందింది. వెంటనే రాయలేదు. కోపంతో కాదు. కోపం వచ్చింది, కాదనను. రెండు రోజులు నీ ఫోటో ఉన్న గోడ వైపు చూడలేదు. కానీ ఆలస్యం అందుకు కాదు. నీకు చెప్పకుండా నేనొక పని చేశాను. అది నీకు ఎలా రాయాలో తెలియక ఆగాను.

నీ మొదటి రెండు వాక్యాలు చదవగానే ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. నా చెవి నాకుంది అనుకున్నాను. మరుక్షణం కాయితం బల్ల మీద బోర్లా పెట్టేశాను. ఎందుకంటే నీ ఉత్తరం వచ్చే ముందే, సోమవారం పొద్దున్న, తాడు లాగాక నేను అందరి ముందూ చెయ్యెత్తి, "ఇప్పుడు నాకు వినిపిస్తోంది. ఇది మన పాత గంటే. ఆ రోజు నేనే పొరబడ్డాను" అని చెప్పేశాను. నాకేమీ వినిపించలేదు. ఎప్పటిలాగే వేరేగానే ఉంది. క్లాసు పోతుందని భయమేసి చెప్పాను. చిన్న టీచరు గొంతు ఎక్కడుందో చూసి దాని పక్కన నా గొంతు పెట్టి పాడాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. పెద్దటీచరుగారు వచ్చి చెయ్యి పట్టుకుని, క్లాసు మీ దగ్గరే ఉంచుతానంది. ఆ మధ్యాహ్నం లెక్కల మాస్టారు టీ తెప్పించాడు. నేను తాగాను.

కాబట్టి నువ్వొక్కదానివే తల దించుకుని కూర్చోకు, పక్కన నాక్కూడా చోటు ఉంచు. నువ్వు లోహాన్ని మార్చి అదేనన్నావు. నేను నా చెవి చెప్పినదాన్ని మార్చి అదేనన్నాను. నీకు నీ పని పోతుందన్న భయం కూడా లేదు, నేను నిన్ను చిన్నచూపు చూస్తానన్న భయం ఒక్కటే. నాది క్లాసు కోసం. నా చెవి పోయిందనుకుని ఏడ్చినన్ని రోజులూ అది నా దగ్గరే ఉంది. ఉన్న చెవిని నేనే, పదిమంది ముందు, లేదు పొమ్మన్నాను. డాక్టరు కాయితంలో ఇది రాదు.

నీ ఉత్తరం పెద్దటీచరుగారికి ఇచ్చాను. నా సంగతీ చెప్పాను. ఆవిడ ఇద్దరిదీ విని తల పట్టుకుంది. "పిల్లలు హాయిగా పాడుకుంటున్నారు, ఇప్పుడిదంతా ఎందుకు మేడమ్" అంది. కానీ మర్నాడు పొద్దున్న నిలబడి పిల్లలకి చెప్పేశాను. ఇది మన పాత గంట కాదు, నేను సోమవారం అబద్ధం చెప్పాను అని. లెక్కల మాస్టారు నేల చూశాడు. అదీ నాకు కష్టంగానే ఉంది. ఏదో ఒకటి అని ఉంటే బాగుండును.

పాత గంట ఎక్కడుందని పిల్లలు అడిగారు. కొళాయిల్లో ఉందన్నాను. నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. అప్పట్నుంచీ ఇంటర్వెల్లో దొరికిన ప్రతి కొళాయికీ చెవి ఆనిస్తున్నారు. జూన్‌లో చేరిన ఒకటో క్లాసు వాళ్లకి మాత్రం ఈ గొడవ ఏమీ అర్థం కాలేదు. వాళ్లు పాతదాన్ని ఎప్పుడూ వినలేదు. వాళ్లకి గంటంటే ఇదే. "మరి ఇదెవరి గంట టీచర్" అని అడిగారు.

అదే లోహంతో పోసినా వేరేగానే మోగేదేమో అన్నావు. ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగాను. అంటే, నేను మాటిచ్చిన రోజే ఇవ్వకూడని మాట ఇచ్చాను. లోహంలో ఉందన్నాను, నీ కొళాయి టప్ మంది. ఆకారంలో ఉందని మీ మేస్త్రి అన్నాడు, ఆకారమంతా దూలానికి వేలాడుతున్నా నా చెవి ఒప్పుకోలేదు. పగులొచ్చిన రోజే ఆ గంట పోయింది పిడుగూ. నేనే ఒప్పుకోలేదు. పోయినదాన్ని పోయిందని అనలేక నీ మీద పడేశాను, తిరిగి తీసుకురమ్మని. అది నీ వల్ల అయ్యే పని కాదు. నువ్వు కాదని ఒక్క మాట రాస్తే సరిపోయేది, అయినా నేను అప్పుడు వినేదాన్ని కానేమో.

కానీ ఈ కొత్తదానికి ఏం తప్పుంది? మంచి గొంతు. ఆ పాత గంట అక్షరాలు ఒంటిమీద వేసుకుని వేలాడుతోంది. అది ఏమీ అబద్ధం చెప్పలేదు. దాని మీద మనం రాశాం.

అందుకని ఇది విను. వచ్చే ఆదివారం సాయంత్రానికల్లా బయల్దేరి రా. వచ్చేటప్పుడు మంచి ఆకురాయి తెచ్చుకో, లోహాన్ని అరగదీసేదే. సోమవారం పొద్దున్న పిల్లలందరూ వరసల్లో ఉండగా నువ్వు నిచ్చెన ఎక్కి ఆ బడి పేరూ ఆ సంవత్సరమూ అరగదీసెయ్యాలి. "పిలుపు విని రండి" మాత్రం ఉండనీ, అది ఏ గంటైనా చెప్పుకోవచ్చు. పిల్లలు చూస్తుండగా ఎలా అని అంటావని తెలుసు. నాకూ సిగ్గుగానే ఉంటుంది. కింద నిచ్చెన పట్టుకుని నిలబడేది నేనే. లెక్కల మాస్టారు సాయానికి వస్తానన్నాడు, అక్కర్లేదన్నాను.

గోదాంలో దొరికిన ఆ కొళాయి కూడా తీసుకురా. మా నీళ్ల కుండీకి ఒకటి కారుతోంది.

నిన్ను క్షమించానా అని చూస్తున్నావు కదా, ఈ ఉత్తరం మొదటి నుంచీ. నాకు తెలీదు. నన్ను పిల్లలు క్షమించారో లేదో కూడా తెలీదు. పాటల క్లాసు సంగతీ తేలలేదు. చెవి బాగున్నందుకు ఉంచాలో, అబద్ధం చెప్పినందుకు తీసెయ్యాలో పెద్దటీచరుగారికి పాలుపోవడం లేదు. సోమవారం తర్వాత చెబుతానంది. ఏదైనా సరేనన్నాను, ఈసారి నిజంగానే అన్నాను.

నువ్వు అరగదీశాక గంట బరువు ఒక పిసరు తగ్గుతుంది కదా, గొంతూ మారుతుందేమో. అప్పుడు తాడు నువ్వే లాగు. ఆలస్యం చెయ్యకు. నేను మోత చివరిదాకా వింటాను. అది ఏ శ్రుతి అయితే అదే పాడతాను. అందకపోతే అందలేదని పిల్లలతో అంటాను.

మీ పిన్ని